కొల్లేటికీ లైబీరియాకీ ఏం చుట్టరికం?

"అమ్మగారూ, పోలీసు ట్రైనింగులో ఏం నేర్పుతారండీ?"

మొన్న ఆదివారం మా చేపలావిడ గుమ్మంలో గంప దించుతూ అడిగిన మాట ఇది. ఆవిడది కొల్లేటి లంక. వారానికి రెండుసార్లు ఏలూరు వస్తుంది. కొరమీను దొరికితే నాకోసం విడిగా దాచి తెస్తుంది. బేరం దగ్గర మాత్రం రూపాయి తగ్గదు. మనవరాలు డిగ్రీ అయ్యాక కానిస్టేబుల్ సెలక్షన్లకి తయారవుతోందట. చీకటితోనే లేచి చెరువు గట్టు మీద పరుగు తీస్తోందట. పదహారు వందల మీటర్ల పరుగు నెగ్గాలి కదా మరి!

"పరిగెడతాదండి, చదువుతాదండి. దాని గురించి బెంగ లేదు. అది లోపలికెళ్ళాక ఆళ్ళేం నేర్పుతారో అనే నా బెంగ" అంది.

నాకు వెంటనే జవాబు తోచలేదు. పెళ్ళి సంబంధం గురించో ఫీజుల గురించో అయితే ఏదో ఒకటి చెప్పేదాన్ని. ఈ ప్రశ్న ఆవిడ ఊరికే అడగలేదని నాకు తెలుసు. దాని వెనక 2009 నాటి ఒక వానాకాలం ఉంది.

దెబ్బలు ఎక్కడ తగిలాయి?

అప్పటికి నాకు పెళ్ళై తాడేపల్లిగూడెం నుంచి ఏలూరు కాపురానికి వచ్చిన కొత్త. ఒకరోజు పొద్దున్నే చేపలావిడ గంప లేకుండా వచ్చింది. పక్కన కూతురు. ఒంటి మీద దెబ్బలు, ఒక చెయ్యి వాచి వేలాడుతోంది. రెండో చేతిని పట్టుకుని అయిదేళ్ళ పిల్ల. అల్లుడు తాగి కొట్టాడు. అంతకు ముందూ కొట్టేవాడే గానీ ఈసారి చెయ్యి విరిగింది. "కాయితం రాసిపెట్టండమ్మగారూ, టేషనుకెళ్తాం" అంది. రాసిపెట్టాను. చదువుకున్నదాన్ని కదా అనే ధీమాతో నేనూ బయల్దేరాను. "మనకెందుకే ఆ గొడవ" అని మా అత్తగారు వీధి గుమ్మం దాకా వచ్చి మరీ చెప్పారు.

స్టేషన్లో బల్ల వెనక కూచున్నాయన కాయితం సగం చదివి, "దెబ్బలు ఎక్కడ తగిలాయి?" అని అడిగాడు.

"చేతిమీద, వీపుమీద బాబూ" అంది ఆ అమ్మాయి.

"అది కాదమ్మా, ఏ ఊళ్ళో?"

అల్లుడి ఊరు కొల్లేటికి అవతలి పక్క. అప్పట్లో అది కృష్ణా జిల్లా. ఇవతల మాది పశ్చిమ గోదావరి. "అయితే మా పరిధి కాదు. అక్కడికే వెళ్ళండి" అన్నాడాయన. మర్నాడు వాళ్ళు పడవ దాటి, ఆటో ఎక్కి అక్కడికీ వెళ్ళారు. అక్కడ "పుట్టింట్లో కూచుని ఇప్పుడొచ్చి కేసంటావా? ముందు పెద్దమనుషుల్లో పెట్టుకోండి" అన్నారట. మూడు రోజుల బేరం పోయింది. నాలుగో రోజు పెద్దమనుషులు కూచున్నారు. ఆ అమ్మాయి కాపురానికి వెళ్ళింది. రెండేళ్ళకి మళ్ళీ వచ్చేసింది. ఈసారి ఎవరినీ కాయితం రాయమని అడగలేదు.

ఆ చెయ్యి ఇప్పటికీ పూర్తిగా చాపలేదు. తలమీద గంప ఎత్తుకోలేదు. అరవై దాటిన తల్లి ఇంకా గంప మోస్తున్నది అందుకే. ఇప్పుడు గట్టు మీద పరుగెడుతున్నది ఆనాడు అమ్మ చెయ్యి పట్టుకుని నిలబడ్డ పిల్లే.

చట్టం వచ్చింది, బల్ల దాకా రాలేదు

ఆనాటి స్టేషన్లో ఆయన మమ్మల్ని కసరలేదు. లంచం అడగలేదు. కుర్చీ కూడా చూపించాడు. అందుకే ఆ సంగతి నన్ను ఇన్నాళ్ళూ తొలుస్తోంది. దుర్మార్గుడైతే తిట్టుకుని ఊరుకునేదాన్ని. ఆయన మంచివాడే, కానీ ఆయనకి తెలియవలసింది తెలియదు.

గృహహింస చట్టం 2005లో పార్లమెంటులో నెగ్గి 2006 అక్టోబరు 26 నుంచి అమల్లోకి వచ్చింది. ఇలాంటి ఫిర్యాదు పట్టుకుని ఎవరైనా వస్తే, రక్షణ అధికారి ఉన్నారనీ, ఉచిత న్యాయసహాయం దొరుకుతుందనీ, క్రిమినల్ కేసు కూడా పెట్టుకోవచ్చనీ ఆమెకి చెప్పడం పోలీసు బాధ్యత అని ఆ చట్టం 5వ సెక్షన్ చెబుతోంది. ఆమె తాత్కాలికంగా తలదాచుకున్న చోటి మేజిస్ట్రేటు దగ్గరే రక్షణ కోరవచ్చని కూడా అందులోనే ఉంది. అంటే ఆ అమ్మాయి కొల్లేరు దాటి వెళ్ళవలసిన పనే లేదు. చట్టం పుట్టి అప్పటికి మూడేళ్ళు నిండబోతున్నాయి. ఢిల్లీ నుంచి ఆ బల్ల దాకా మాత్రం రాలేదు.

ఆ చట్టాన్ని బల్ల దాకా మోసుకు రావలసింది శిక్షణే. చేపలావిడ అడిగిన ప్రశ్న కూడా అదే. ఆవిడకి తెలియదు గానీ, ఈ ప్రశ్న మీద ప్రపంచ దేశాలు పాతికేళ్ళుగా కూచుని మాట్లాడుకుంటున్నాయి.

భద్రత అంటే విమానాలేనా?

మా తాడేపల్లిగూడెంలో రెండో ప్రపంచ యుద్ధం నాటి రన్‌వే ఒకటుంది. చిన్నప్పుడు దాని సంగతులు పెద్దవాళ్ళు కథలుగా చెబుతుంటే నోరు తెరుచుకుని వినేవాళ్ళం. దేశానికి రక్షణ అంటే ఆకాశంలో విమానం, చేతిలో తుపాకీ అనే నా మనసులో పడిపోయింది. మీలో చాలామందికీ అంతే కదూ?

ఇప్పుడు ఐక్యరాజ్యసమితి వాడుతున్న మాట 'భద్రతా రంగ సంస్కరణ'. పేరు బరువుగా ఉన్నా విషయం తేలికే. సైన్యం, పోలీసు, జైళ్ళు, వాటి మీద అజమాయిషీ చేసే వ్యవస్థలు ఎవరిని కాపాడాలో వాళ్ళకి జవాబుదారీగా ఉండేలా దిద్దుకోవడం. యుద్ధాలతో, అంతర్యుద్ధాలతో చితికిపోయిన దేశాల్లో ఈ ఆలోచన బలపడింది. కొత్త తుపాకులిచ్చినంత మాత్రాన పాత పోలీసు కొత్త పోలీసు కాడు, మళ్ళీ చదివించాలి అని తెలిసొచ్చింది. శాంతి భద్రతల పనుల్లో ఆడవాళ్ళకి చోటుండాలని 2000లో భద్రతామండలి 1325వ తీర్మానం చేసింది. భద్రతా రంగ సంస్కరణ మీదే ప్రత్యేకంగా చేసిన మొదటి తీర్మానం 2014లోని 2151. తీర్మానాలు కాయితాలే అనుకోండి. కానీ ఆ కాయితాలకి ప్రాణం పోసినవాళ్ళలో మన దేశపు ఆడపిల్లలు ఉన్నారు.

నీలం టోపీల మన ఆడపిల్లలు

పశ్చిమాఫ్రికాలో లైబీరియా అని చిన్న దేశం. ఏళ్ళ తరబడి సాగిన అంతర్యుద్ధం 2003లో ఆగింది. ఆ యుద్ధంలో ఆడవాళ్ళు పడిన బాధలు రాయాలంటే చెయ్యి రాదు. యూనిఫాం కనిపిస్తే ఇంట్లోకి పరుగెత్తే స్థితి. అలాంటి చోటికి 2007 జనవరిలో మన సీఆర్‌పీఎఫ్ మహిళలు వందమందికి పైగా వెళ్ళారు. ఐక్యరాజ్యసమితి చరిత్రలో పూర్తిగా ఆడవాళ్ళతో ఏర్పడిన మొదటి పోలీసు దళం అది. మొదటి దళానికి నాయకత్వం వహించినావిడ సీమా ధుండియా. రాజధాని మన్రోవియాలో అధ్యక్షురాలి కార్యాలయానికి కాపలా కాశారు. రాత్రిళ్ళు వీధుల్లో గస్తీ తిరిగారు. తీరిక చేసుకుని అక్కడి ఆడపిల్లలకి ఆత్మరక్షణ నేర్పారు, కంప్యూటర్ పాఠాలు చెప్పారు. దళాలు మారుతూ తొమ్మిదేళ్ళు అక్కడ ఉండి 2016లో తిరిగొచ్చేశారు.

వాళ్ళు వెళ్ళేనాటికి లైబీరియా భద్రతా రంగంలో ఆడవాళ్ళు నూటికి ఆరుగురు. తిరిగొచ్చేనాటికి పదిహేడుగురు. మన మహిళలని చూసే మా ఆడపిల్లలకి ధైర్యం వచ్చిందని అప్పటి అధ్యక్షురాలు ఎలెన్ జాన్సన్ సర్లీఫ్ వీడ్కోలు రోజున కృతజ్ఞతగా చెప్పారు. పొరుగింటి పిల్ల సైకిల్ తొక్కితే మన పిల్లా అడుగుతుంది చూడండి, అలాగన్నమాట.

అయితే ఈ కథలో నాకు ఎక్కువ నచ్చింది పొగడ్త కాదు, వాళ్ళు చేసుకున్న పొరపాటు. పోలీసులో చేరాలంటే హైస్కూలు చదువుండాలి. యుద్ధం వల్ల ఎందరో ఆడపిల్లలకి ఆ చదువు లేదు. అంచేత కొద్ది నెలల్లో హైస్కూలు పూర్తయ్యేలా వాళ్ళకోసం ప్రత్యేకంగా తరగతులు పెట్టి చేర్చుకున్నారు. ఉద్దేశం మంచిదే. తీరా చేరాక కొందరికి రిపోర్టు సరిగా రాయడం రాలేదు, ఆ విమర్శలతో ఆ దగ్గరిదారి మూతపడింది. లెక్క పెంచడం వేరు, పని నేర్పడం వేరు.

మనకీ ఇలాంటి అనుభవం ఉంది. 2019లో గ్రామ, వార్డు సచివాలయాల్లో మహిళా సంరక్షణ కార్యదర్శులుగా చేరినవాళ్ళని 2021లో ప్రభుత్వం 'మహిళా పోలీసులు' అంది. పోలీసు నియామకానికుండే పద్ధతి, శిక్షణ లేకుండా పోలీసెలా అవుతారని హైకోర్టుకెక్కారు. తప్పు ఆ అమ్మాయిలది కాదు. పేరు ముందిచ్చి చదువు తరవాత చూద్దామనుకుంటే ఎక్కడైనా ఇంతే.

ఇంకో దేశం సంగతి కూడా చెప్పుకోవాలి. ఆఫ్ఘనిస్తాన్ నుంచి వందలమంది ఆడవాళ్ళు టర్కీలోని సివాస్ వెళ్ళి పోలీసు శిక్షణ తీసుకున్నారు. పాఠాలు టర్కీ చెప్పింది, జపాన్ డబ్బు సాయం చేసింది. 2021 ఆగస్టులో తాలిబన్లు గద్దెనెక్కాక ఆ ఉద్యోగాలు పోయాయి, ఆ యూనిఫామే వాళ్ళకి ప్రాణగండమైంది. పొరుగు దేశం చదువు చెప్పగలదు. ఆ చదువుకి నీడనివ్వవలసింది మాత్రం సొంత ఇల్లే.

మన హైదరాబాదుకి చదువుకోవడానికి వస్తారు

ఇదంతా పరాయి దేశాల గోల అనుకోకండి. హైదరాబాదులో సర్దార్ వల్లభ్‌భాయ్ పటేల్ జాతీయ పోలీసు అకాడమీ ఉంది కదా. 1948లో మౌంట్ ఆబూలో మొదలై 1975లో హైదరాబాదుకి వచ్చింది. మన ఐపీఎస్ అధికారులతో కలిసి నేపాల్, భూటాన్, మాల్దీవుల అధికారులూ అక్కడ శిక్షణ పొందుతుంటారు. 2014లో అరుణా బహుగుణ ఆ అకాడమీకి మొదటి మహిళా డైరెక్టరయ్యారు. అంటే మనం ఇతర దేశాలకి పోలీసు పాఠాలు చెబుతున్న దేశం. మన కొల్లేటి లంక నుంచి వచ్చిన తల్లికి మాత్రం పరిధి పాఠం చెప్పి పంపించాం!

ఇక్కడే చిక్కుంది. పెద్ద అధికారులు చదువుకునే అకాడమీలకి దేశదేశాల నుంచి నిపుణులొస్తారు. మనకి ఎదురుపడేది పెద్ద అధికారులు కాదు, బల్ల దగ్గర కూచునే కానిస్టేబులూ రైటరూ. మనకి వాళ్ళే పోలీసు, వాళ్ళే సర్కారు.

ఆ బల్ల దగ్గర మార్పు తేగలమా? తేగలమని మధ్యప్రదేశ్‌లో రుజువైంది. అక్కడి పోలీసు శాఖతో అమెరికాలోని వర్జీనియా విశ్వవిద్యాలయం, ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు కలిసి 180 స్టేషన్లలో పరీక్ష చేసి చూశారు. కొన్నింట్లో ఆడవాళ్ళకోసం 'ఊర్జా' సహాయ డెస్కులు పెట్టారు, కొన్నింటిని ఎప్పటిలాగే ఉంచారు. డెస్కంటే బోర్డు కట్టిన బల్ల కాదు. మాట్లాడుకోవడానికి కాస్త చాటు, ఏ ఫిర్యాదుకి ఏం చెయ్యాలో వరుసగా రాసిన పద్ధతి, సిబ్బందికి శిక్షణ. 2022లో 'సైన్స్' పత్రికలో ఫలితాలు వచ్చాయి. డెస్కులున్న చోట ఆడవాళ్ళ ఫిర్యాదుల నమోదు పెరిగింది. ఎఫ్‌ఐఆర్‌లు పెరిగింది ముఖ్యంగా మహిళా సిబ్బంది నడిపిన డెస్కుల్లో. కేసులు పెరిగాయంటే నేరాలు పెరిగాయని కంగారు పడకండి. అంతవరకూ చీర కొంగు కింద దాగిన దెబ్బ కాయితం మీదికి ఎక్కిందని అర్థం.

రాజస్థాన్‌లో 2005 తరవాత అక్కడి పోలీసు శాఖ, అమెరికాలోని ఎంఐటీ పరిశోధకులు కలిసి చేసిన ప్రయత్నమూ ఇలాంటిదే. దర్యాప్తులోనూ, మాట తీరులోనూ శిక్షణ ఇచ్చిన స్టేషన్లలో బాధితుల సంతృప్తి పెరిగింది. డ్యూటీలు మార్చడం, వారానికో సెలవివ్వడం లాంటివి మాత్రం పైవాళ్ళ పట్టు లేక నిలవలేదు. శిక్షణ మనిషితో వెళుతుంది, ఉత్తర్వు ఫైలుతో పోతుంది.

ఖాకీ అంటే లంకల్లో ఏం గుర్తొస్తుంది?

కొల్లేటి లంకలవాళ్ళకి పోలీసంటే 2006 గుర్తొస్తుంది. ఆ ఏడాది 'ఆపరేషన్ కొల్లేరు' పేరుతో అయిదో కాంటూరు లోపలి చేపల చెరువుల గట్లు కొట్టేశారు. 1999లో అభయారణ్యంగా ప్రకటించిన సరస్సుని కాపాడుకోవలసిందే, అందులో వాదన లేదు. కానీ ఎంతోమంది ఆడవాళ్ళు అంతమంది పోలీసుల్ని ఒక్కచోట చూసింది ఆ గట్ల మీదే. మూడేళ్ళ తరవాత, అదే ఖాకీ దగ్గరికి ఒక తల్లి విరిగిన చెయ్యి చూపించుకోవడానికి తనంతట తాను వెళ్ళింది. ఎంత ధైర్యం కావాలి! అంత నమ్మకం పెట్టుకుని వచ్చినదాన్ని వెనక్కి పంపితే, పోయింది ఒక కేసు కాదు. ఆ లంకలో ఇంకో పదిమంది స్టేషను వైపు చూడ్డం మానేశారు.

ఆ తరవాత కొన్ని మారాయి. 2019లో సుప్రీంకోర్టు, వేధింపులు భరించలేక పుట్టింటికి చేరిన స్త్రీ అక్కడే కేసు పెట్టుకోవచ్చని తీర్పు చెప్పింది. 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లాలు వచ్చి కైకలూరు, మండవల్లి వైపు మండలాలు కూడా ఏలూరు జిల్లాలో కలిశాయి. ఆ తల్లీకూతుళ్ళని అటూ ఇటూ తిప్పిన హద్దు ఒక్క గెజిట్ కాయితంతో చెరిగిపోయింది! 2024 జూలై 1 నుంచి వచ్చిన కొత్త నేర ప్రక్రియ చట్టం, నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్లోనైనా ఫిర్యాదు తీసుకోవాలంటోంది. మనం 'జీరో ఎఫ్‌ఐఆర్' అంటున్నది దాన్నే. ఎఫ్‌ఐఆర్ నకలు ఉచితంగా ఇవ్వాలి. లైంగిక దాడిలాంటి నేరాల్లో ఫిర్యాదు రాసుకోకపోతే ఆ ఉద్యోగికి జైలుశిక్ష కూడా ఉంది. 112కి గానీ, మహిళల సహాయానికి 181కి గానీ ఫోన్ చెయ్యవచ్చు. ఈ నంబర్లు వంటింటి గోడమీద పాలవాడి లెక్క పక్కన రాసుకోండి, పోయేదేమీ లేదు.

పెదవేగిలో ఏం చెప్పాలి?

ఏలూరు పక్కనే పెదవేగి. ఒకప్పుడు వేంగి రాజధాని. ఇప్పుడక్కడ పోలీసు శిక్షణ కేంద్రం ఉంది. అటు వెళ్ళినప్పుడల్లా ఇప్పుడు నాకు చేపలావిడ ప్రశ్నే గుర్తొస్తోంది. పరేడ్ నేర్పుతారు, తుపాకీ నేర్పుతారు, సెక్షన్లు నేర్పుతారు. అవన్నీ కావాలి. వాటితో పాటు, వణుకుతూ వచ్చిన మనిషి మాటని అడ్డు తగలకుండా వినడం నేర్పాలి. 'రాజీ పడమ్మా' అనే ముందు ఆమె ప్రాణానికి ముప్పుందేమో చూడడం నేర్పాలి. అది ఒక గంట ఉపన్యాసంతో వచ్చేది కాదు. ఒకరు బాధితురాలిగా, ఒకరు కానిస్టేబుల్‌గా కూచుని చేసి చూపిస్తేనే వస్తుంది. అయిదేళ్ళకోసారైనా మళ్ళీ తరగతికి పిలవాలి. ఎందుకంటే చట్టాలు మారుతుంటాయి, మనం నేర్చుకున్నది మారదు. లైబీరియా వెళ్ళొచ్చిన మన మహిళలు దేశంలో ఇంకా ఉన్నారు. అక్కడి వాళ్ళకి చెప్పినట్టే ఇక్కడి పిల్లలకీ వాళ్ళచేత నాలుగు రోజులు చెప్పించకూడదా?

ఆడపిల్లలు చేరితే చాలని నేననను. 2023 లెక్కల్లో దేశం మొత్తం మీద పోలీసుల్లో ఆడవాళ్ళు నూటికి పన్నెండుమంది. పెరగాలి. కానీ ఆ బల్ల వెనక కూచున్న ఆడపిల్ల కూడా పాత ప్రశ్నే అడిగితే మనకి ఒరిగేదేముంది?

ఇదంతా చేపలావిడకి నాకు చేతనైనట్టు చెప్పాను. ఆవిడ శ్రద్ధగా విని, "మీరన్నయ్యన్నీ అక్కడ నేర్పుతారాండీ మరి?" అంది. మళ్ళీ నా దగ్గర జవాబు లేదు.

బుధవారం మనవరాలు తనే గంప పట్టుకుని వచ్చింది. అవ్వకి జ్వరమట. పొడుగ్గా, సన్నగా, ఎండకి కమిలిన మొహం. చేపలు తూయించుకుంటూ ఊరుకోలేక అడిగాను: "ఏమ్మా, రేపు నువ్వు స్టేషన్లో ఉండగా ఒకావిడ దెబ్బలతో వచ్చి నిలబడితే మొట్టమొదట ఏం చేస్తావ్?"

ఆ పిల్ల తూకం దించి నా వైపు చూసింది.

"కూచోబెడతానండి. చెప్పింది చెప్పినట్టు రాసుకుంటానండి."

"ఏ ఊళ్ళో జరిగిందని అడగవూ?"

"అడుగుతానండి" అంది. "రాసుకున్నాక."